మూడో గ్రూపు నీళ్ళు

మామిడిపల్లి,
12 ఆగస్టు 2009

మా కోడలు పిల్ల పూర్ణిమకు,

ఇకనుంచి నీకు ఫోన్ చేయను, ఉత్తరమే రాస్తాను. మొన్న మీ హాస్టల్‌కు ఫోన్ చేసినప్పుడు నువ్వు బాగున్నానన్నావో, బాగాలేనన్నావో తెలియలేదు. సరిగ్గా అప్పుడే మన నెత్తి మీది నుంచి విమానం పోయింది. ఎయిర్‌పోర్టు తెరిచిన కాడి నుంచి ఈ ఊళ్ళో ఎవరమూ ఒక్క మాట పూర్తిగా విన్న పాపాన పోలేదు. ఉత్తరం అయితే ఏ విమానం కిందనైనా చదువుకోవచ్చు. ఉత్తరమంటే పుస్తకం భాషలో రాయాలని ఏడో తరగతిలో మా సారు చెప్పాడు. అట్లనే రాస్తున్నాను, నవ్వకు.

అసలు సంగతి ఏమంటే, మన ఛాయ్ హోటల్‌కు గ్రహచారం పట్టింది. ఎయిర్‌పోర్టుకు పోయే క్యాబ్ డ్రైవర్లంతా మన దగ్గరే ఆగేవాళ్ళు కదా. ఈ మధ్య మన ఛాయ్ నల్లబడుతోంది. డికాక్షన్ మరిగితే సిరా అయితున్నది. పాలు పోస్తే బూడిద కలిపినట్టుంటున్నది. పాలు మార్చాను, ఛాయ్ పత్తి మార్చాను, గిన్నె కూడా మార్చాను. నిన్న డ్రైవర్ నరేందర్ గ్లాసులోకి తొంగిచూసి, "అమ్మా, నేను ఛాయ్ అడిగిన, బొగ్గు నీళ్ళు అడగలే" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నీళ్ళ దగ్గర నేనెంత శుభ్రమో మా ఇంట్లో ఉండి పది దాకా చదువుకున్నావు, నీకు తెలియనిదా? బోరు నీళ్ళు పట్టే ఇనుప డ్రమ్మును రోజు విడిచి రోజు చింతపండు పెట్టి తళతళలాడేటట్టు తోముతాను. మొన్న ఎండాకాలంలో మీ మామ పాత సామాన్ల దుకాణం నుంచి తెచ్చినదైనా కొత్తదాని లెక్క ఉంటుంది.

ఇది ఎవరి పనో నాకు తెలుసు. రోడ్డుకు అవతల జంగమ్మ. నా తోడికోడలే, కాదనను. కానీ ఎండాకాలంలో నా ఎదురుగా తనూ హోటల్ పెట్టింది. నేను డ్రమ్ము నింపుతుంటే అటు నుంచి అదే పనిగా చూస్తుంది. ఊరికే ఎవరైనా డ్రమ్మును చూస్తారా? ఏదో కలిపింది. నువ్వు కెమిస్ట్రీ చదువుతున్నావు కాబట్టి ఏం కలిపిందో పేరు చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటాను.

కోపం మీదున్న మీ మేనత్త,
లింగమ్మ


హనుమకొండ,
21 ఆగస్టు 2009

అత్తమ్మా,

ఆరోజు నేను "బాగున్న" అనే అన్నాను. నిజం చెప్పాలంటే అంత బాగా ఏమీ లేను.

ఈ ఏడాది కూడా మాకు ప్రాక్టికల్స్‌లో ఒక గండం ఉంది. సీసాలో ఏదో ద్రావణం పోసి ఇస్తారు. దాని మీద పేరు ఉండదు. అందులో ఏ లోహం కరిగి ఉందో మనమే కనిపెట్టాలి. ఒక్కో మందు వేస్తూ మొదటి గ్రూపు లోహాలా, రెండో గ్రూపు లోహాలా అని వరసగా వెతకాలి. పోయిన ఏడాది నేను ఇందులోనే తప్పాను కదా. రోజూ లాబ్‌లోనే పడి ఉంటున్నాను.

అన్నిటికన్నా బాధ ఆ కుళ్ళిన కోడిగుడ్ల వాసన. జడకు అదే వాసన, చున్నీకి అదే వాసన. కంచం ముందు కూర్చున్నా కుళ్ళిన గుడ్లే గుర్తుకొస్తాయి. సగం తిని లేచిపోతున్నాను.

నువ్వు జంగమ్మ చిన్నత్తమ్మను ఏమీ అనకు. ఒక సీసాలో ఆ నీళ్ళు పంపు, మా మేడంను అడిగి నేనే పరీక్ష చేస్తాను. ఇంకోమాట. ఇక్కడ నా కష్టం మరీ వృథా పోలేదు. పోయిన ఏడాది నాకు అందని రెండో గ్రూపు ఈసారి వచ్చేసింది. నాన్న మహేశ్వరం నుంచి వస్తే చెప్పు, సంతోషిస్తాడు.

నీ పూర్ణిమ


మామిడిపల్లి,
3 సెప్టెంబర్ 2009

మా ఆఫీసరమ్మ పూర్ణిమకు,

గ్రూప్-2 వచ్చిందన్న మాట ఉత్తరం చివర ఓ మూలకు రాస్తావా? మన ఇంటా వంటా సర్కారు నౌకరీ చేసినవాళ్ళు లేరు. నేను ఆ ముక్క చదివి పొయ్యి మీద పాలు పొంగబెట్టుకున్నాను. మీ నాన్నకు చెబితే తువ్వాలతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నాడు.

హోటల్ ముందు ఫ్లెక్సీ కట్టించాను. "గ్రూప్-2 సాధించిన పూర్ణిమ గారికి శుభాకాంక్షలు. ఇట్లు, లింగమ్మ ఛాయ్ హోటల్." నీ పదో తరగతి ఫోటో వేయించాను, రెండు జడలది. ఫ్లెక్సీ పిల్లగాడు వెనక విమానం బొమ్మ ఉట్టిగనే వేసి ఇచ్చాడు. ఇప్పుడు డ్రైవర్లు ఛాయ్ తాగకపోయినా నీ బొమ్మ చూడటానికి ఆగుతున్నారు. కుర్మయ్య పటేల్ తన ప్లాటు కాగితాలు తెచ్చి, "మేడం వస్తే జర చూపియ్యి" అని నా దగ్గర పెట్టి పోయాడు.

జంగమ్మ కూడా రోడ్డు దాటి వచ్చింది. "అక్కా, మన పిల్ల ఆఫీసరైందట, నోరు తీపి చేసుకో" అని చక్కెర పెట్టబోయింది. చేతిలో పట్టుకున్నాను కానీ నోట్లో వేసుకోలేదు. చీమలకు వేశాను. చీమలకు ఏమీ కాలేదు, అది వేరే సంగతి.

ఆఫీసరయ్యే పిల్లకు కుళ్ళిన గుడ్లు పెడతారా? ఈ ఉత్తరం నీకు ఇచ్చేది మీ ఈశ్వరయ్య మామే. ఆయన చేతికి మన కోళ్ళ గుడ్లు ఒక బుట్టెడు, డ్రమ్ములోని నీళ్ళు ఒక సీసా ఇచ్చి పంపుతున్నాను. మీ మెస్సు వాళ్ళ సంగతి ఏందో చూసి రమ్మని గట్టిగా చెప్పాను. ఆయన నెమ్మది మనిషే, నా భయానికి అడుగుతాడు.

గర్వంతో,
ఆఫీసర్ గారి మేనత్త


హనుమకొండ,
12 సెప్టెంబర్ 2009

అత్తమ్మా! అత్తమ్మా!

ముందు ఆ ఫ్లెక్సీ దించు. ఈ ఉత్తరం పక్కన పెట్టి, దించి వచ్చి, తర్వాత చదువు.

నాకు వచ్చింది ఉద్యోగం కాదు. సీసాలోని లోహాలను గ్రూపులుగా విడదీస్తారు, వాటిలో రెండోది రెండో గ్రూపు. అందులో నాకు రాగి దొరికింది, అంతే. నాన్న సంతోషం తలుచుకుంటే నాకు ఏడుపొస్తోంది. ఎట్లా చెప్తావో ఏమో, నువ్వే చెప్పు. కుర్మయ్య తాత కాగితాలు తిరిగి ఇచ్చేయి.

ఇక మామ నెమ్మదితనం. నేరుగా మెస్సు వంటింట్లోకి పోయి, అక్కడున్న గుడ్లు ఒక్కొక్కటే పగలగొట్టి వాసన చూశాడట. వంటామె ఈరమ్మ గరిటెతో అడ్డం వస్తే, "నా పెండ్లాం చెప్పింది, నేను ఆగ" అన్నాడట. వార్డెన్ వచ్చేసరికి ఒక్క గుడ్డు మిగల్లేదు. ఒక్కటీ కుళ్ళలేదు. ఆ రాత్రి హాస్టల్ మొత్తానికి ఆమ్లెట్లు వేశారు. పిల్లలంతా మీ మామ మళ్ళీ ఎప్పుడొస్తాడని అడుగుతున్నారు. అత్తమ్మా, ఆ వాసన లాబ్‌లో మేం వాడే గ్యాసుది. మెస్సుది కాదు.

నీ నీళ్ళు ఈ రోజే పరీక్ష చేశాను. మొదటి గ్రూపులో లేదు. రెండులో లేదు. మూడో గ్రూపులో దొరికింది! చివర్లో ఒక్క చుక్క మందు వేయగానే నీ నీళ్ళు రక్తం లెక్క ఎర్రగా అయిపోయాయి. నేను అరిచిన అరుపుకు లాబంతా నా చుట్టూ మూగింది. మేడం కూడా చూసి అవునన్నారు. అది ఏమిటంటే... గంట కొట్టారు, తపాలా డబ్బా తీసే మనిషి కూడా గేటు దగ్గరికి వచ్చేశాడు. మిగతాది ఇంకో ఉత్తరంలో.

హడావిడిలో,
పూర్ణిమ


మామిడిపల్లి,
27 సెప్టెంబర్ 2009

పూర్ణిమా,

నా నీళ్ళలో రక్తం ఉందని రాసి, గంట కొట్టిందని ఆపేస్తావా? నీకు మనసెట్లా ఒప్పింది?

నీ మిగతా ఉత్తరం కోసం ఎదురుచూసి చూసి నా వల్ల కాలేదు. కుర్మయ్య పటేల్‌ను, నలుగురు పెద్దమనుషులను హోటల్ ముందుకు పిలిపించాను. ఆయన అప్పటికే ప్లాటు కాగితాలు వాపసు ఇచ్చినందుకు నా మీద గుర్రుగా ఉన్నాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. రక్తం అనగానే అందరూ ఛాయ్ గ్లాసులు కింద పెట్టేశారు.

జంగమ్మను పిలిపించి అందరి ముందు అడిగాను. "నా డ్రమ్ముల ఏం పోసినవ్? కోడిని కోసినవా, మేకను కోసినవా?" అని.  "నీ నీళ్ళు నువ్వే తాగు, నీ మాటలు నువ్వే తిను. నేనైతే ఇగ నీ గడప తొక్క" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు దాటి పోయింది. కుర్మయ్య, "కాలేజీ పిల్ల రాసిందంటే ఉత్తదైతదా" అన్నాడు. నాకు అప్పుడు బలం వచ్చినట్టే అనిపించింది.

నిన్న సద్దుల బతుకమ్మ. పెండ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి మేమిద్దరం ఒకే పళ్ళెంలో బతుకమ్మను పేర్చేవాళ్ళం. కింద గునుగు పూలు నావి, మీద తంగేడు తనవి. నిన్న తను ఒక మూల ఆడింది, నేను ఒక మూల ఆడాను. పాట ఎత్తుకుంటే నాకు సగం చరణాలే గుర్తున్నాయి. మిగతా సగం ఎప్పుడూ తనే పాడేది.

మీ మామ నాతో మాట్లాడటం లేదు. గిరాకీ లేదు. ఫ్లెక్సీ దించాను. రక్తం ఎవరిదో తొందరగా చెప్పు.

పరేషాన్‌లో ఉన్న
అత్తమ్మ


హనుమకొండ,
6 అక్టోబర్ 2009

అత్తమ్మా,

తప్పు నా గంటది, ఆ తర్వాత లాబ్‌లో పడి మిగతాది రాయడం మరిచిన నాది. రక్తం లేదు. రక్తం రంగు, అంతే! మేం వేసిన మందు ఇనుముతో కలిస్తే ఆ రంగు వస్తుంది. నీ నీళ్ళలో ఉన్నది ఇనుము. డికాక్షన్‌లోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు వస్తుందని మేడం చెప్పారు. నువ్వు పొయ్యి మీద రోజూ చేస్తున్నది మా లాబ్ పరీక్షే.

కానీ ఆ ఇనుము ఎక్కడిది? నేను చూసింది డ్రమ్ములో నీళ్ళే. చిన్నత్తమ్మ మీద నువ్వు నేరం మోపింది చూస్తే నాకు నా జబ్బే గుర్తొచ్చింది. నాకు నీలం రంగు సీసా ఇస్తే, చూడగానే రాగి అనుకుంటాను. తర్వాత చేసే పరీక్షలన్నీ రాగి వైపే ఈడ్చుకుపోతాను. పోయిన ఏడాది అట్లనే తప్పాను. మా ప్రియదర్శిని మేడం వాళ్ళది బందరు, ఆమె ఎప్పుడూ మెత్తగానే తిడతారు. "ముందే పేరు పెట్టేసుకుంటే ఎలాగమ్మా? నువ్వు సీసాని అడగట్లేదు, దాని చేత నేరం ఒప్పిస్తున్నావు" అన్నారు.

అందుకని ఈసారి మూడు సీసాలు పంపు. నీ బోరు నుంచి నేరుగా పట్టినవి ఒకటి. జంగమ్మ చిన్నత్తమ్మ బోరువి ఒకటి, ఆమె డ్రమ్ములోవి ఒకటి. ఆమెను మర్యాదగా అడిగి తీసుకో.

పూర్ణిమ


మామిడిపల్లి,
19 అక్టోబర్ 2009

పూర్ణిమా,

మర్యాదగా అడుగు అని రాయడం నీకు సులువే. నలుగురిలో అన్ని మాటలు అన్నదానికి ఏ మొహం పెట్టుకుని అడగాలి? అందుకని అడగకుండా తెద్దామనుకున్నాను.

మధ్యాహ్నం గిరాకీ ఉండదు, జంగమ్మ కునుకు తీస్తుంది. రెండు ఖాళీ సీసాలు కొంగు కింద పెట్టుకుని రోడ్డు దాటుతున్నాను. సగం దాటేసరికి ఎదురుగా జంగమ్మ. ఆమె కూడా కొంగు కప్పుకుని వస్తోంది.

"ఏడికి పోతున్నవ్?" అన్నాను.

"నీ తానికే. నువ్వేడికి?"

"నీ తానికే."

ఇద్దరం రోడ్డు నడుమ నిలబడ్డాం.

"కొంగు కింద ఏంది?" అన్నాను.

"నీ కొంగు కింద ఏంది?"

ఆమె కొంగు లాగాను. ఆమె నా కొంగు లాగింది. ఇద్దరి దగ్గరా ఖాళీ సీసాలే.

"నా నీళ్ళు దొంగతనం చేస్తవా?" అని నేను అరిచాను. "నువ్వేమన్న నోముకొస్తున్నవా?" అని ఆమె అరిచింది. ఇసుక లారీ వాడు హారన్ కొట్టీ కొట్టీ, "పెద్దమ్మలారా, కొట్లాట జర పక్కకు పెట్టుకోండ్రి, నేను పోవాలె" అన్నాడు. పక్కకు జరిగాం. జరిగాక ఎక్కడ ఆపామో ఇద్దరికీ గుర్తు రాలేదు.

అప్పుడు జంగమ్మ మెల్లగా అంది. "అక్కా, నా ఛాయ్ సుత నల్లగనే అయితున్నది. నువ్వే ఏదన్న కలిపినవని అనుకున్న. షంషాబాద్ల డాక్టర్‌కు చూపిద్దామని నీ నీళ్ళ కోసం వస్తున్న."

"నేనెందుకు కలుపుత?"

"మరి నేనెందుకు కలుపుత?"

  ఇద్దరం అక్కడే గట్టు మీద కూర్చుని ఎవరి సీసా వాళ్ళం చూసుకున్నాం. తర్వాత ఆమె సీసాలు ఆమె నింపి ఇచ్చింది, నా బోరుది నేను నింపాను. బస్సు పార్సిల్‌లో మూడూ వస్తున్నాయి. మీద పేర్లు ఆమే అంటించింది, నా చేతికి ఇవ్వలేదు. ఇంకా నమ్మకం కుదరలేదన్నట్టు.

అత్తమ్మ


హనుమకొండ,
4 నవంబర్ 2009

అత్తమ్మకూ చిన్నత్తమ్మకూ,

ఈ ఉత్తరం ఇద్దరూ కలిసి చదవాలి. ఒకరు చదివి ఇంకొకరికి చెప్తే నేను ఒప్పుకోను.

రెండు బోర్ల నీళ్ళూ మంచివే. రంగు ఏమీ రాలేదు. చిన్నత్తమ్మ డ్రమ్ము నీళ్ళు మాత్రం అత్తమ్మ డ్రమ్ము నీళ్ళలాగే ఎర్రబడ్డాయి. ఈసారి ఒక్కో పరీక్ష రెండేసి సార్లు చేశాను, ఎవరి పేరూ ముందు అనుకోలేదు.

ఎవరూ ఏమీ కలపలేదు. ఇనుము డ్రమ్ముల లోపలి నుంచే వస్తోంది. అత్తమ్మా, కోపం తెచ్చుకోకు. చింతపండు పులుపుకు తుప్పుతో పాటు ఇనుము కూడా కరుగుతుంది. నువ్వు తళతళా తోమిన చోట నీళ్ళు పడగానే మళ్ళీ కొత్త తుప్పు పడుతుంది. నువ్వు ఎంత శుభ్రంగా తోమితే ఛాయ్ అంత నల్లబడుతుంది. చిన్నత్తమ్మా, నువ్వు కూడా చింతపండుతోనే తోముతున్నావా?

డ్రమ్ములు తీసేసి స్టీలు బిందెల్లో పట్టండి.

ఇద్దరి కోడలు,
పూర్ణిమ


మామిడిపల్లి,
15 నవంబర్ 2009

పూర్ణిమకు,

ఇద్దరం కలిసే చదివాం. ఆమె హోటల్‌లోనా నా హోటల్‌లోనా అని కొంత వాదన అయింది. చివరికి గట్టు మీద కూర్చుని చదివాం.

జంగమ్మ నా డ్రమ్మును అంతగా ఎందుకు చూసేదో తెలిసింది. "గంత తళతళ ఎట్ల మెరుస్తున్నదో అని చూసేదాన్ని అక్కా. నువ్వు చింతపండుతోని తోముడు చూసి, అదే దుకాణంల నేను సుత ఒకటి కొనుక్కొచ్చుకున్న" అంది. నన్ను చూసి నేర్చుకున్న మనిషిని నేను నలుగురిలో నిలబెట్టాను.

 "నీది ముందు పారేద్దాం పా" అన్నాను. ఇద్దరం రెండు డ్రమ్ములనూ దొర్లించుకుంటూ పోయి ఆ దుకాణంలోనే అమ్మేశాం. వాటిలో ఎవరూ నీళ్ళు పట్టకుండా అడుగున బొక్కలు కొట్టించాం. బొక్కలు కొట్టేటప్పుడు సుత్తి నువ్వంటే నువ్వని మళ్ళీ కొట్లాడుకున్నాం. అప్పుడు ప్రాణం నిమ్మళించింది.

మర్నాడు కుర్మయ్యను, ఆ నలుగురు పెద్దమనుషులనే మళ్ళీ పిలిచాను. జంగమ్మ చేతి ఛాయ్ నేను అందరి ముందు తాగాను. మొదటి గ్లాసు నాకు, తర్వాతే వాళ్ళకు. ఎర్రటి మంచి ఛాయ్. నాకన్నా అల్లం కొంచెం ఎక్కువ వేస్తుంది.

అత్తమ్మ


హనుమకొండ,
14 మార్చి 2010

అత్తమ్మా, చిన్నత్తమ్మా,

బంద్‌ల వల్ల వెనక్కి జరుగుతూ వచ్చిన ప్రాక్టికల్ పరీక్ష మొత్తానికి నిన్న అయిపోయింది.

నాకు రంగు లేని ద్రావణం వచ్చింది. ఈసారి ఏమీ అనుకోకుండా మొదలుపెట్టాను. మొదటి గ్రూపు లేదు. రెండు లేదు. మూడు లేదు. పక్క టేబుల్ అమ్మాయి జింక్ అని గొణిగింది. చూశాను, లేదు. ఆరో గ్రూపు దాకా పోయాను, ఏమీ దొరకలేదు. మంటలో పెట్టాను, మంట రంగు మారలేదు. చుట్టూ అందరూ ఏదో ఒక పేరు రాసేశారు.  అల్యూమినియం అని రాసేద్దామని కలం కూడా ఎత్తాను. మళ్ళీ తప్పితే నాన్నకు ఏం చెప్పాలి?

చివరికి, "ఇందులో ఏ లోహమూ లేదు" అని రాశాను.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్ష సారు అది చూసి కళ్ళజోడు తీశారు. "ఏమ్మా, ఏమీ లేని సీసా మేమెందుకు ఇస్తాం?" అన్నారు.

"నేను చేసినంతవరకు లేదు సార్" అన్నాను. 

ఆయన కుర్చీలోంచి లేచి తనే మొదటి నుంచి చేశారు.  అంతా అయ్యాక అటెండర్ దశరథాన్ని పిలిచారు. దశరథం హడావిడిలో ఒక సీసాలో మందు పోయడం మరిచి ఉత్త నీళ్ళు పోశాడట. ఆ సీసా నా దగ్గరికే వచ్చింది. సారు నా కాగితం మీద సంతకం పెట్టి, "పో అమ్మా, భోజనం చెయ్" అన్నారు. మేడం గుమ్మం దగ్గర నా వీపు మీద తట్టారు.

పాసయ్యాను.

పూర్ణిమ


మామిడిపల్లి,
22 మార్చి 2010

మా పూర్ణిమకు,

నీ ఉత్తరం రాగానే మీ నాన్నను పిలిపించాను. ఈసారి ముందు నేను రెండుసార్లు చదివి, పాసైంది ఏ పరీక్షో కచ్చితంగా తెలుసుకున్నాకే ఆయనకు చెప్పాను. తువ్వాల మళ్ళీ తడిసింది.

తర్వాత హోటల్‌లో అందరికీ గట్టిగా చదివి వినిపించాను. నరేందర్ ఛాయ్ తాగుతూ పొలమారేటట్టు నవ్వాడు. "అమ్మా, ఇన్నేండ్లు హాస్టల్ల ఉండి, గన్ని మందులు పోసి, ఆఖరికి గవి నీళ్ళే అని కనుక్కున్నదా మీ కోడలు? గది నన్నడిగితే నేనే చెప్తుంటి" అన్నాడు. డ్రైవర్లంతా ఒకటే నవ్వు. 

జంగమ్మ మన దగ్గర పాలు అయిపోతే ఇవ్వడానికి వచ్చి, అక్కడే నిలబడి వింటోంది. పాలగిన్నె కింద పెట్టి, "నవ్వకు బిడ్డా" అంది. "గా సీసా మా ఇద్దరి చేతులకు ఇచ్చి ఉంటే, గా ఉత్త నీళ్ళల్ల సుత విషమున్నదనే అంటుంటిమి."

ఇట్లు,
లింగమ్మ
జంగమ్మ (సంతకం నాదే, పెద్దగా పెట్టిన)